పీటకు పట్టిన చీమలు

12 జూలై 1959, చెన్నూరు

ఈ డైరీ హైదరాబాదులో కొన్నాను. బి.ఎస్సీ. పాసైన మనిషికి ఉన్నత భావాలు వరదలా వస్తాయని, పట్టడానికి ఒక పాత్ర ఉండాలని అనుకున్నాను. మూడు నెలలు గడిచాయి. గోదావరికి వరద వచ్చింది గాని నాకు రాలేదు. ఇవాళ చీమలు వచ్చాయి. వాటితోనే మొదలుపెడుతున్నాను.

భవిష్యత్తు చరిత్రకారుల సౌకర్యం కోసం: ఈ ఇంట్లో నలుగురం. మా నాన్న, బాపు హనుమండ్లు, మగ్గం మీద ఉంటాడు. బాపు తల్లి, అంటే మా బాపమ్మ బుచ్చవ్వ, వంటింటి మీద ఉంటుంది. అవ్వ, అంటే మా అమ్మ భూమవ్వ, అందరి పని మీద ఉంటుంది. నేను కైలాసాన్ని. ఎవరి మీదా లేను. వాళ్లే నా మీద ఉన్నారు, ఉద్యోగం ఎప్పుడని.

ఇక చీమలు. పెరట్లో అవ్వ స్నానం చేసే జాలారి దగ్గర వారం రోజులుగా బారులు తీరుతున్నాయి. బాపమ్మ పసుపు చల్లింది. తొక్కుకుంటూ వచ్చాయి. బూడిద చల్లింది. పూసుకుని వచ్చాయి.

"పెండ్లికి పిలిచినట్టు వస్తున్నయి గదనే భూమీ! ఏం పారవోస్తున్నవు గీడ?"

"ఏం పారవోస్తనత్తా? నీళ్లే."

నేను రసాయనశాస్త్రం చదివాను. చీమలు ఎక్కడికి ఎందుకు వెళ్తాయో నాకు తెలుసు. తెలిసి కూడా ఏమీ అనలేదు. దీన్నే శాస్త్రీయ సంయమనం అంటారు.

14 జూలై

కాలేజీ ప్రయోగశాల నుంచి స్నేహపూర్వకంగా తెచ్చుకున్న గాజు గొట్టం ఒకటి, నీలం మందు సీసా ఒకటి నా పెట్టెలో ఉన్నాయి. గొడ్ల కొట్టంలో మూడు రాళ్లు పెట్టి మంట చేశాను. అవ్వను ఒంటేలు పట్టి తెమ్మంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గింత చదువు చదివింది గిందుకారా?"

నీలం మందులో చుక్కలు వేసి కాచాను. నీలంగానే ఉంటే ఒంట్లో తీపి లేనట్టు. పచ్చబడితే కొంచెం, పసుపైతే ఎక్కువ. ఎర్రబడితే చాలా ఎక్కువ.

బాపు మగ్గం దిగి వచ్చి నా భుజం మీంచి చూశాడు. దసలి పట్టు నేసేవాడు, రంగుల మీద చూపు ఊరికే పోదు.

"మంచి ఇటుక రంగు పడ్డదిరా. దేంతోని ఎక్కిచ్చినవ్?"

మంట ఆర్పాను. కొట్టంలో పొగ. కళ్లు మండాయి.

19 జూలై

మంచిర్యాల వెళ్లి వచ్చాం. డాక్టరు మంచి మనిషి. అవ్వ కాళ్లు చూపించమన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అవ్వ ఎడమకాలు ముందుకు పెట్టింది. బొటనవేలి కింద పుండు. ఎప్పటిదో.

"నిప్పురవ్వ పడ్డదయ్యా, పొయ్యికాడ."

"కాలినప్పుడు తెల్వలేదా?"

"వాసనొస్తే చూసిన. కూర మాడుతుందనుకున్న."

డాక్టరు నవ్వలేదు. అవ్వ చెప్పిన దానికి నవ్వని మనిషిని మొదటిసారి చూశాను. గోలీలు రాసిచ్చి చెప్పాడు: "అమ్మా, సగం పని గోలీలది, సగం తిండిది. చక్కెర బంద్. తెల్లన్నం బాగ తగ్గియ్యాలె. జొన్న తిను. అదిగూడ లెక్కనే, కడుపునిండ గాదు. ఆకుకూర, పెసర్లు, సల్ల, కాకరకాయ. యాళ్లకు తినాలె. గోలీ మింగి ఉపాసముండొద్దు. శ్రావణం దాటినంక మల్ల రా. పుండు మానుడు మొదలైతే సంతోషం. నల్లగైతే కాలు తీసెయ్యాలె."

"ఏడిదాక తీస్తరయ్యా?" అని అవ్వ అడిగింది, జాకెట్టు గుడ్డ ఎంత కత్తిరిస్తారని దర్జీని అడిగినట్టు.

"గది అప్పుడు చూద్దాం."

తిరుగు బస్సులో అవ్వ జైపూర్ దాటాక అంది: "ఒక్క కాలుతోని బోనం ఎట్లెత్తుకుంటరురా?"

ఇంకొంచెం దూరం పోయాక: "అన్ని తింటగని కాకరకాయ తిన. గా కాలు గాడ్నే ఇచ్చొస్తుంటి."

20 జూలై

వంటింట్లో సభ. అధ్యక్షురాలు బాపమ్మ.

"డాక్టరేమన్నడు?"

"చక్కెర వద్దన్నడు బాపమ్మా."

"మనింట్ల చక్కెర ఏడుంది? బెల్లం వద్దన్నడా?"

"చక్కెర అంటే బెల్లం గూడ..."

"బెల్లమన్నడా, అనలేదా? గది చెప్పు."

అనలేదు. హైకోర్టులో నిలబెట్టదగిన మనిషి మా బాపమ్మ. పొయ్యి దగ్గర వృథా అవుతోంది.

తరువాత గట్క, అంటే జొన్నరవ్వ సంకటి, ప్రస్తావన తెచ్చాను. గట్క అనగానే ఆమె ముఖం మారింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పొద్దున గట్క, మాపున గట్క, కరువొస్తే నీళ్లలాంటి గట్క. కొడుకు మగ్గం నిలదొక్కుకున్న ఏడు సన్నబియ్యం కుండలో పడ్డాయి. ఆ రోజు ఆమె పోచమ్మ మీద ఒట్టు వేసింది: ఈ ఇంటికి వచ్చిన కోడలికి తన చేత్తో గట్క పెట్టనని.

"బుచ్చవ్వ బియ్యం దాసుకొని కోడలికి గట్క పోస్తున్నదని వాడంత అనుడేనా? జబ్బుమనిషికి నాలుగు మెతుకులు గూడ పెట్టదంటరు. నా మొగం నేనేడ పెట్టుకోవాలె?"

దీనికి బి.ఎస్సీ.లో జవాబు లేదు.

అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఏం తినాలో, ఎంత తినాలో రాసి గోడకు కొట్టాను. పైన కాకరకాయ బొమ్మ కూడా వేశాను. అందంగా వచ్చింది.

23 జూలై

నా అట్టముక్క మామిడికాయ తొక్కు జాడీ మీద మూతగా ఉంది. సరిగ్గా సరిపోయింది.

28 జూలై

ఇవాళ ఒక పరిశోధన చేశాను: అవ్వ ఎప్పుడు తింటుంది? పుట్టి ఇన్నేళ్లయినా ఆమె తింటుండగా చూసినట్టు గుర్తులేదు. అందుకని వంటింటి గుమ్మం దగ్గర పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను.

బాపు తిన్నాడు. నేను తిన్నాను. బాపమ్మ తిన్నది. అప్పుడు అవ్వ కుండ ముందుకు జరుపుకుని కూర్చుంది. మిగిలింది ఆమె భోజనం. అన్నం మిగులుతుంది. కూర మిగలదు. కూర గిన్నె వేలితో తుడిచి వెళ్లిన మహానుభావుడు ఈ డైరీ రచయితే. ఒట్టి అన్నంలో ఇంత బెల్లపు ముక్క నలుపుకుని తినేసింది. అదీ సంగతి. ఆకుకూర తిను, పెసర్లు తిను అంటే, ఎక్కడి నుంచి తింటుంది?

"అవ్వా, రేపటిసంది మాతోని కూసోని తిను."

"కూసుంట. మీకు వడ్డించేది నువ్వా మీ బాపా?"

కోపం లేదు, బాధ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. ఈ మనిషిని నేను ఇంతకాలం ఉత్త తల్లి అనుకున్నాను.

29 జూలై

కూర మిగిల్చాను. దాన్ని బాపమ్మ సాయంత్రం నాకే పెట్టింది. "పొద్దున సరిగ్గ తినలేదు బిడ్డ" అని.

3 ఆగస్టు

పుండు అలాగే ఉంది. వానలు. పొయ్యి పొగ.

10 ఆగస్టు

ఓటమి.

శ్రావణ సోమవారం. గోలీ మింగి ఉపవాసం ఉండొద్దని డాక్టరు అన్నాడు. సోమవారం ఒక్కపొద్దు విడవొద్దని రాజన్న దేవుడికి అవ్వ ఎప్పుడో మొక్కుకుంది. అవ్వ గోలీ మింగింది, ఒక్కపొద్దూ ఉంది. ఎవరికీ అన్యాయం చేయలేదు.

మధ్యాహ్నం కండెలు చుడుతూ చుడుతూ చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. పిలిస్తే ఎవరినో చూసినట్టు చూసింది. నేను పెట్టె తెరిచి పుస్తకం వెతుకుతున్నాను. బాపమ్మ వెతకలేదు. బెల్లం ముక్క నీళ్లలో పిసికి నోట్లో పోసింది. కాసేపటికి అవ్వ లేచి కూర్చుని, "రాట్నం ఎవరు జరిపిండ్రు?" అంది.

ఒంట్లో తీపి ఒక్కసారి పడిపోతే బెల్లమే మందు, అది ఆ ఒక్క క్షణానికే, ఆ తరువాత మళ్లీ వద్దు అని నేను ఉపన్యసించాను. బాపమ్మ వాకిట్లో నిలబడి వాడకంతటికీ ఉపన్యసించింది:

"నా కోడలు పోయేదుండె! బెల్లం బతికిచ్చింది! బెల్లం వద్దనే డాక్టర్లు, వాండ్ల సదువులు, గంగల గలువ!"

పక్కింటి యాదవ్వ అప్పటికప్పుడు బెల్లపు అచ్చు ఒకటి తెచ్చి ఇచ్చింది. ఇంకెవరో రెండు తెచ్చారు. మా ఇల్లు ఇప్పుడు చెరుకు కార్ఖానాలా ఉంది.

11 ఆగస్టు

ఇటుక రంగు. ముదురు. బాపుకు ఇప్పుడు తెలుసు అది దేని రంగో. చూసి మగ్గం ఎక్కాడు. మగ్గం చప్పుడు మాత్రం చాలాసేపు రాలేదు.

16 ఆగస్టు

వచ్చే ఆదివారం పోచమ్మ బోనాలు.

ఇన్నాళ్లూ ఈ మాట రాయడం వాయిదా వేశాను. మా అవ్వకు పోచమ్మ శిగం వస్తుంది. పెళ్లయి వచ్చిన రెండో ఏటి నుంచీ. డప్పులు మోగగానే అమ్మవారు ఆమె మీదికి వస్తుంది, ఊగుతుంది, వాడకు వానలూ రోగాలూ చెబుతుంది. ప్రతి ఇంటి బోనంలోంచి ఒక ముద్ద బెల్లపన్నం ఆ నోట్లో పడాలి. పడితేనే ఆ ఇంటికి ఆ ఏడు చల్లగా గడుస్తుంది. మా వాడలో ఎన్ని ఇళ్లున్నాయో లెక్కపెట్టబోయి మానేశాను.

అవ్వ ఆకుకూర గిల్లుతుంటే పక్కన కూర్చున్నాను.

"అవ్వా, ఈ ఒక్కసారి శిగం రాకుంట చూసుకోరాదు?"

"వచ్చేది నేనారా, ఆపుకోనీకి?"

"పోనీ, ముద్దలు వద్దను."

"నేనెట్లంట? గప్పుడు నేనుండను గదా."

"మామూలప్పుడన్న అను! నాకు గట్క పెట్టుండ్రని అను. నాకు గింత కూర ఉంచుండ్రని అను!"

అవ్వ పుంటికూర ఈనె తీస్తూ నన్ను చూసింది. జాలిగా.

"కోడలు గిది గావాలె, గది గావాలె అని అడుగుతదారా? అత్త మొగం ఏం గావాలె? ఆమె ఒట్టు ఏం గావాలె? మంచిగ చూసుకుంటున్న మనిషిని బదనాం చేసి, బతికేం చెయ్యాలె?"

"మరి కాలు?"

ఇంకో కట్ట విప్పుతూ, "పీట గట్టిగుంటెనే గదా కూసునేది" అంది తనలో తాను. చాటలో ఆకులు అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయింది.

ఏ పీటో నాకు అర్థం కాలేదు. ఇంట్లో పీటలు బాగానే ఉన్నాయి.

22 ఆగస్టు

నా పథకం సిద్ధం: మొదటి ముద్దకు అడ్డం పడాలి. రెండో ముద్దకు మూర్ఛ వచ్చినట్టు కింద పడాలి. మూడో ముద్ద గురించి ఇంకా ఆలోచించలేదు.

కళ్లు మండుతున్నాయి. పొగ. (పొయ్యి ఆర్పి చాలాసేపైంది. పాత పొగ అయ్యుంటుంది.)

23 ఆగస్టు

వరుసగా రాస్తాను.

పోచమ్మ గుడి ముందర వాడంతా చేరింది. డప్పులు. వేపమండలు. అవ్వ ముఖమంతా పసుపు, పుండు మీద గుడ్డ కట్టి, దాని మీదా పసుపు పూసుకుంది. బోనం దించగానే జుట్టు విడిపోయింది. కళ్లు మారాయి. నేను ఎన్నోసార్లు చూశాను, ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేస్తాను. ఈసారి పథకం ప్రకారం ముందుకు వేశాను. ఎవరిదో మోచెయ్యి నా పొట్టలో తగిలింది. పథకం అక్కడితో ముగిసింది.

మొదటి ముద్ద బాపమ్మది. నెయ్యి కారుతున్న బెల్లపన్నం పెదవుల దాకా తీసుకువెళ్లింది.

నోరు తెరుచుకోలేదు.

డప్పులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఇన్నేళ్లలో అమ్మవారు ముద్ద వద్దనలేదు. బాపమ్మ ముద్దను బోనంలో పెట్టి దండం పెట్టింది.

"తల్లీ, నీ బాలను. ఏం తప్పయింది తల్లీ?"

"తీపి!" గొంతు అవ్వది కాదు, గుడి లోపలి నుంచి వచ్చినట్టుంది. "యేండ్ల సంది తీపి, తీపి! నా పీటకు చీమలు పట్టిచ్చిండ్రు గదే! చూసి పసుపు చల్లిండ్రు. బూడిద చల్లిండ్రు. పీట దిక్కు చూసిన్రా ఒక్కరన్న?"

"ఏ పీట తల్లీ?" యాదవ్వ అడిగింది.

అరచేత్తో గుండె మీద గట్టిగా చరుచుకుంది. "గిదే! నేనొచ్చి కూసునే పీట! పీట కాలు పుచ్చుతున్నది. రేపు ఇరిగితే ఏడ కూసోవాలె నేను? మీ నెత్తి మీదనా?"

బాపు తలపాగా తీసి చేత్తో పట్టుకుని అడిగాడు.

"ఏం పెట్టమంటవో చెప్పు తల్లీ, పెడ్తం."

"మీ ముత్తవ్వలేం పెట్టిండ్రు నాకు? జొన్న గట్క పెట్టిండ్రు. పుంటికూర పెట్టిండ్రు. పెసర్లు పెట్టిండ్రు, సల్ల పోసిండ్రు. సన్నబియ్యం కండ్లవడంగనే గవన్ని మర్సిండ్రా? గట్క మీకు నామోషి గావొచ్చు. నాకు గాదు!"

"తప్పయింది తల్లీ. నా చేత్తోని పెడ్త. రోజు పెడ్త." బాపమ్మ ఏడుస్తోంది. "గని తల్లీ, నీ మీదనే ఒట్టేసుకున్న..."

"నా మీది ఒట్టు నేను తీస్తున్న. ఎప్పుడు పెడ్తవ్? అందరు మూతి తుడుసుకున్నంకనా?"

బాపమ్మ వంగి లెంపలేసుకుంది.

"ముందుగాల పీటకు. గటెన్క మీకు. గింత గింత పెట్టు, యాళ్లకు పెట్టు. కుండ బోర్లిచ్చుడు గాదు. ఇంకొక్కటి ఇను. నేను కూసునే పీటకు ఒక్కపొద్దులేంది? పీట ఉపాసముంటదానే?"

ఆ తరువాత వానలు మంచివని, పశువులు జాగ్రత్తని చెప్పి, అందరి బోనాల్లోంచీ ముద్దకు బదులు ఒక్కొక్క వేపాకు తీసుకుని నమిలి, అవ్వ గుడి మెట్టు మీద ఒరిగిపోయింది. ఏ ఇల్లూ ఖాళీగా పోలేదు.

నేను అక్కడే నిలబడి లెక్క చూసుకున్నాను. తీపి బంద్. తెల్లన్నం తగ్గింపు. జొన్న, అదీ మితంగా. ఆకుకూర, పెసర్లు, సల్ల. వేళకు తిండి. ఉపవాసం రద్దు. మంచిర్యాల డాక్టరు చెప్పినవన్నీ వచ్చాయి. బాపమ్మ ఒట్టు తీరింది, ముఖమూ నిలిచింది. రేపటి నుంచి కోడలికి గట్క పోస్తే వాడలో అనేవాళ్లు ఉండరు, మొక్కేవాళ్లే.

ఒక్కటి మాత్రం రాలేదు. కాకరకాయ.

పోచమ్మకు కాకరకాయ ఇష్టం లేనట్టుంది. అవ్వకు కూడా ఇష్టం లేదు. కాకతాళీయం.

24 ఆగస్టు

తెల్లవారి లేచేసరికి బాపమ్మ జొన్నరవ్వ విసురుతోంది. ఎన్నేళ్లకో ఇసుర్రాయి కదిలింది. "గట్క తిప్పుడు చేత గావాలెరా, పిడస కట్టకుంట! గిప్పటోళ్లకేం తెలుసు?" అని గర్వంగా నన్ను తిట్టింది. గట్క, పైన పుంటికూర పప్పు, గిన్నెలో సల్ల. అవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టి, అందరికంటే ముందు వడ్డించి దండం కూడా పెట్టింది.

"అత్తా, గిదేంది, నాకు ముందు?" అవ్వ నిజంగా కంగారు పడింది. లేక నటించిందా. లేదు, నిజంగానే.

"నీకు గాదు పో. పీటకు."

అవ్వ తింటుంటే ముగ్గురం నిలబడి చూశాం. ఎంత నెమ్మదిగా తింటుందో. ఒక్కొక్క ముద్దకూ కూర అద్దుకుని, ఆగి, రుచి చూసుకుని. ఆమె తిండి ఇష్టపడే మనిషి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"గంత మంచిగున్నదా?" అని బాపు గొంతు సవరించుకున్నాడు. "నాగ్గూడ గింత పెట్టుండ్రి."

30 ఆగస్టు

వాడలో పూటకో ఇంటి నుంచి ఇసుర్రాయి చప్పుడు. యాదవ్వ వచ్చి చాటుగా నన్ను అడిగింది: "బిడ్డా, మా జాలారికాడ గూడ చీమలు పారుతున్నయి. నా మీదికైతే ఏ తల్లి రాదు. గా గాజు గొట్టం జర నాగ్గూడ చూస్తవా?"

చూశాను. పసుపు. మంచిర్యాల పంపించాను.

నాకు చెన్నూరులో ఒక వృత్తి దొరికింది. బయట చెప్పుకునేది కాదు.

3 సెప్టెంబరు

గొడ్ల కొట్టంలో బాపు కూడా మంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. మందు కాగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"చిలుకపచ్చ" అన్నాడు బాపు. తరువాత గాజు గొట్టం వెలుతురుకు పెట్టి చూస్తూ, "గీ రంగు పట్టుకు ఎక్కుతదంటే మీ అవ్వకు చీర నేద్దును" అన్నాడు.

పొగ లేదు. అయినా కళ్లు మండాయి. ఇద్దరివీ.

7 సెప్టెంబరు

మంచిర్యాల. పుండు అంచులు గులాబీ రంగుకు తిరిగాయి. కాలు ఉంటుంది. వేలు కూడా ఉంటుంది. డాక్టరు గుడ్డ మార్చి, ఇంకా జాగ్రత్తగా ఉండాలని, గోలీలు మానొద్దని, ఈ జబ్బు పోయేది కాదు, పట్టుకుని నడిపించేదని చెప్పాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"నెల కిందిదాక తినలేదన్న మనిషి ఇప్పుడు ఇంత పాబందిగ ఎట్ల తింటున్నది? ఎవరు జెప్పి ఒప్పిచ్చిండ్రు?"

నేను నోరు తెరిచాను. బి.ఎస్సీ. చదివిన కొడుకు అని ఆయన తనంతట తానే అనుకునే వీలు ఒక క్షణం దొరికింది. అవ్వ నా వైపు చూసింది. నోరు మూశాను.

"మా వాడల ఒకామె ఉన్నదయ్యా" అంది అవ్వ. "ఆమె చెప్తే ఎవ్వలు ఎదురు జెప్పరు."

10 సెప్టెంబరు

జాలారి దగ్గర ఒక్క చీమ కూడా లేదు. అరగంట గొంతుక్కూర్చుని చూశాను. ఇంత మంచి విషయాన్ని ఇంత కష్టపడి చూసింది ఎప్పుడూ లేదు.

అవ్వ మా అందరికంటే ముందు తిని, రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. కాలు చాపుకుని. రెండు కాళ్లూ. ఈ నెలంతా అడగాలనుకున్నది ఇవాళ అడుగుదామని పక్కన చేరాను. శిగం అప్పుడు ఆమెకు తెలివి ఉంటుందా, ఆ మాటలు ఎవరివి, వారం ముందు చాటలో ఆకులు జరుపుతూ తనలో తాను అనుకున్నది ఏమిటి. శాస్త్రీయంగా ప్రశ్నలు పేర్చుకున్నాను. దగ్గరికి వెళ్లాక ఒక్కటే మిగిలింది.

"అవ్వా, డాక్టరు చెప్పినవన్ని తల్లి చెప్పింది. కాకరకాయ ఒక్కటి మర్సినట్టున్నది."

రాట్నం ఆగలేదు. దారం తెగలేదు. అవ్వ ముఖంలో ఏమీ కదలలేదు.

"తల్లి ఏది మర్వదు కొడుకా" అంది.